గాల్లో అయిదు గంటలు, దారిలో ఒక రోజు

మంగంపేట ముగ్గురాయి పొడి గల్ఫ్ చమురు బావుల తవ్వకానికి ఓడల్లో పోతుంది. ఓబులవారిపల్లె, కోడూరు, రాజంపేట పల్లెల జనం విమానాల్లో కువైట్‌కు పోతారు. ‘ఎంతసేపు ప్రయాణం?’ అని అడిగితే ఏజెంటు ‘అయిదు గంటలే’ అంటాడు. అది విమానం లెక్క. మీ లెక్క ఇంటి గడప దగ్గర మొదలవ్వాలి.

చెన్నై నుంచి కువైట్‌కు నేరుగా సుమారు 3,800 కిలోమీటర్లు, హైదరాబాద్ నుంచి దాదాపు 3,400. అయినా మంగంపేట వాళ్లకు చెన్నైయే దగ్గర: రేణిగుంట, పుత్తూరు మీదుగా రోడ్డున 200 కిలోమీటర్లకు అటూ ఇటూ.

తేదీ దగ్గర జాగ్రత్త

గల్ఫ్ విమానాలు చాలావరకు రాత్రిళ్లే. టికెట్టు మీద 15వ తేదీ, 02:00 అని ఉంటే, మీరు ఇల్లు వదలాల్సింది 14వ తేదీ సాయంత్రం. వెనక నుంచి లెక్కేయండి. మూడు గంటల ముందు, అంటే రాత్రి 11కు విమానాశ్రయంలో ఉండాలి. కారులో దారికి అయిదారు గంటలు పెట్టుకుంటే సాయంత్రం 5కే బయల్దేరాలి. రైల్లో పోతే చెన్నై సెంట్రల్‌లో దిగి మెట్రోలో విమానాశ్రయం చేరవచ్చు, కానీ అర్ధరాత్రి మెట్రో నడవదు.

టికెట్టు మీద గడియారం

టికెట్టులో ఏ ఊరి టైము ఆ ఊరిదే. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. 2కు ఎక్కి అయిదు గంటలు ఎగిరితే అక్కడి గడియారంలో 4:30. కాగితం చూస్తే రెండున్నర గంటల ప్రయాణంలాగే ఉంటుంది. వచ్చేటప్పుడు రాత్రి 10కి ఎక్కి, నాలుగున్నర గంటలు ఎగిరి, చెన్నైలో తెల్లవారి 5కు దిగుతారు. కాగితం మీద అది ఏడు గంటలు! పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు తోడుగాలి కాబట్టి రాకలో కొంత సమయం కలిసొస్తుంది.

దిగాక ఇమిగ్రేషన్, సామాను, బండి కలిపి రెండు మూడు గంటలు. మొత్తం పదహారు గంటల పైమాటే.

చవక టికెట్టు

దోహా, షార్జా, మస్కట్‌లలో విమానం మారే టికెట్టు చవకగా దొరకొచ్చు. రెండు విమానాలూ ఒకే బుకింగులో ఉన్నాయో లేదో అడగండి. విడివిడిగా కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినప్పుడు ఆ నష్టం మీదే. సామాను కువైట్ దాకా నేరుగా పోతుందా అన్నదీ కనుక్కోండి.

కాగితాలు

పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమైన) రకమైతే ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్ ద్వారా ఎమిగ్రేషన్ క్లియరెన్సు ముందే రావాలి, లేకుంటే చెన్నైలోనే ఆపేస్తారు. పని కోసం విజిట్ వీసా మీద పంపుతానంటే ఒప్పుకోకండి. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 10 లక్షలు అందుతాయి. పాలసీ నకలు ఒకటి ఇంట్లో ఉంచండి.

సెలవు మీద వచ్చేటప్పుడు రానూపోనూ ఒక్కో రోజు దారికే పోతుందని పని ఇచ్చిన సేటుకు ముందే చెప్పండి. పెళ్లి ముహూర్తం రోజున చెన్నైలో దిగే టికెట్టు మాత్రం కొనకండి.