పొలపు అంచు ఎవరిది?

(దేశవాళీ మొక్కలను, తేనెటీగలను గూర్చిన పాఠము. సంఘ కూటములలోను, స్త్రీల సమాజములోను, ఆదివారపు బడి ఉపాధ్యాయుల కూటములోను చదువుకొనదగినది.)

పాఠ్యభాగములు: నిర్గమకాండము 23:10-11, లేవీయకాండము 19:9-10, ద్వితీయోపదేశకాండము 22:6-7.



ఈ నెల పాఠమును మా తప్పిదముతో ఆరంభింపవలసి యున్నది. గడచిన క్రిస్మసు పండుగకు ముందు మా సంఘస్థులమందరము కలిసి గుడి ఆవరణమును శుభ్రపరచితిమి. ప్రహరీగోడ వెంబడి పెరిగిన తుమ్మి మొక్కలను, తంగేడు పొదలను వేళ్లతో పెరికి, కుప్పవేసి కాల్చితిమి. మూలనున్న ఎండిన వేపదుంగను వంటచెరకుగా చీల్చితిమి. పాత మట్టిగోడ బీటలలో ఏవో ఈగలు తిరుగుచుండగా ఆ బీటలను సున్నముతో పూడ్చితిమి. ఖాళీయైన చోట రంగురంగుల ఆకులుగల క్రోటను మొక్కలను కుండీలతో వరుసగా నిలిపితిమి. పండుగనాడు వచ్చినవారందరు గుడి ఎంతో చక్కగా నున్నదని మెచ్చుకొనిరి. మేమును సంతోషించితిమి.

గుడి వెనుక ఒక వృద్ధురాలైన విధవరాలు కాపురమున్నది. మేమందరము ఆమెను అవ్వ అని పిలుతుము. ఆమెకు పొలము లేదు. పెరటిలో రెండు గుమ్మడి పాదులు, నాలుగు వంగ మొక్కలు, ఒక బీరపాదు, ఇంతే ఆమె సేద్యము. వండుకొనగా మిగిలిన కాయలను అమ్ముకొని ఉప్పు, నూనె తెచ్చుకొనును. అయినను ప్రతి సంవత్సరము కోతపండుగకు ఆమె పెట్టు గుమ్మడికాయయే కానుకలన్నిటిలో పెద్దదిగా నుండెడిది. ఈ యేడు ఆమె ఒక గిద్దెడు కందులు మాత్రము కొంగున ముడివేసికొని తెచ్చెను.

"గుమ్మడికాయ ఏదవ్వా?" అని అడిగితిమి.

"ఏం చెప్పను నాయనా! పూత బాగానే పూసింది. పిందెలు పసుపెక్కి రాలిపోయినయి. మీరు గోడపక్క పొదలు కొట్టిన కాడినుంచి ఈగ రావడం లేదు" అనెను.

ఆమె మాటలో కోపము లేదు. కాని మాకు సిగ్గు కలిగెను. ఆ మాట నిజమో కాదో చూతమని మాలో ఇద్దరము మరునాడు తెల్లవారకముందే ఆమె పాదుల యొద్ద కూర్చుంటిమి. పువ్వులు విచ్చుకొన్నది మొదలు ఎండకు ముడుచుకొనువరకు చూచితిమి. చీమలు వచ్చెను, తేనెటీగ ఒక్కటి వచ్చి పోయెను. ప్రక్కనున్న మిరపచేలలో మందు కొట్టుటయు ఇందుకు కొంత కారణమై యుండవచ్చును. అయినను మా చేతిపని మాకు తెలియును గనుక తప్పంతయు పొరుగువారిపై వేయజాలక పోతిమి.

1. పిందె ఏల రాలెను?

గుమ్మడిపాదులో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఆడపువ్వు క్రింద చిన్న పిందె పుట్టుకతోనే యుండును. మగపువ్వునకు సన్నని కాడ మాత్రమే యుండును. మొదట కొన్నాళ్లు మగపువ్వులే పూయును గనుక అప్పుడు కాయ లేదని దిగులుపడ నక్కరలేదు. మగపువ్వులోని పుప్పొడి ఆడపువ్వు నడుమనున్న కీలాగ్రమునకు అంటినగాని పిందె నిలువదు. ఆ పుప్పొడి బరువైనది, జిగురుగలది, గాలికి ఎగిరిపోదు. ఈగ మోసికొని పోవలెను. పువ్వు తెల్లవారగనే విచ్చి, ఎండ ముదురకముందే ముడుచుకొనును. మరునాడు అది మరల విప్పదు. ఆ కొద్ది గడియలలో ఈగ రానియెడల పిందె పసుపెక్కి రాలిపోవును. (రాలిన పిందెను కోసి చూడుడి. లోపల పురుగులున్నచో అది పండుఈగ చేసిన చెరుపు. దాని సంగతి వేరు.)

పైరులన్నియు ఇట్టివి కావు. జొన్నకును మొక్కజొన్నకును గాలి చాలును. వరి తన పువ్వులో తానే ఫలించును. బీర, సొర, పొట్ల సాయంకాలమున పూయును. వాటి యొద్దకు రాత్రి తిరుగు రెక్కల పురుగులు వచ్చును. వంగపువ్వు సంగతి మరియు విచిత్రము. దాని పుప్పొడి సన్నని గొట్టముల వంటి కేసరములలో దాగియుండును; కొనయందలి చిన్న రంధ్రము గుండనే వెలుపలికి రావలెను. నల్ల తుమ్మెద ఆ పువ్వును పట్టుకొని, ఝుమ్మని తన దేహమును అదిరించి, ఉప్పుబుడ్డి నుండి ఉప్పు దులిపినట్లు పుప్పొడిని దులుపును. ఈ పని తేనెటీగకు చేతకాదు.

తంగేడు పువ్వు కేసరములును అట్లే యుండును. తంగేడు ఏడాదిలో చాల నెలలు పూయును. వంగ పూయని దినములలో తుమ్మెదకు మేత పెట్టునది తంగేడే. తుమ్మెద గూడు ఎక్కడ పెట్టును? ఎండిన దుంగలో తొలుచుకొనిన బెజ్జములో. తంగేడును కాల్చి, దుంగను చీల్చి, అవ్వ వంగమొక్కకు పనివానిని లేకుండ చేసినవారము మేమే.

2. ఒక వెండ్రుకను గమనించిన బడిపంతులు

పువ్వునకును ఈగకును గల ఈ సంబంధమును లోకమునకు విశదముగా తెలిపినవాడు జర్మనీ దేశస్థుడైన క్రిస్టియన్ కొన్రాడ్ ష్ప్రెంగెల్ (1750-1816). ఇతడు పాదిరి కుమారుడు. బెర్లినునకు సమీపమందలి స్పాండౌ పట్టణమున లూథరను బడికి ప్రధానోపాధ్యాయుడు. 1787లో ఒక అడవిపువ్వును చూచుచుండగా రేకుల అడుగున సన్నని నూగు వెండ్రుకలు అతనికి కనబడెను. సృష్టికర్త ఒక వెండ్రుకనైనను నిష్ప్రయోజనముగా చేయడని అతని నమ్మిక. గనుక ఈ వెండ్రుకలు ఏల యని విచారించి, అవి పువ్వులోని తేనెను వాననీటినుండి కాపాడుచున్నవని తలంచెను. మరి తేనె ఎవరికొరకు? ఈగకొరకు. ఈగ ఎందుకొరకు? పుప్పొడిని మోయుటకొరకు. ఈలాగు ఒక ప్రశ్న వెంబడి మరియొక ప్రశ్న వేసికొని, ఎన్నో పువ్వులను పరీక్షించి 1793లో ఒక గ్రంథమును ప్రకటించెను. ఆ కాలపు పండితులు దానిని లక్ష్యపెట్టలేదు. మరుసటి యేడే అతని ఉద్యోగమును పోయెను. అతడు మృతినొందిన చాల సంవత్సరములకు చార్లెస్ డార్విన్ ఆ గ్రంథమును చదివి దాని విలువను ఎల్లరకు తెలియజేసెను.

ఈ బడిపంతులు ఒక వెండ్రుక యెదుట ఆగి ఏల యని అడిగెను. మేము పొదల వరుస యెదుట నిలిచియు ఒక్క ప్రశ్నయైనను అడుగక కొడవలి ఎత్తితిమి.

3. అంచును విడువుమను ఆజ్ఞ

లేవీయకాండము 19వ అధ్యాయములో పొలము గలవాడు దాని ఓరలను పూర్తిగా కోయరాదనియు, వాటిని బీదలకును పరదేశులకును విడువవలెననియు ఆజ్ఞ కలదు. నిర్గమకాండము 23లో ఏడవ యేట బీడుగా నుంచిన భూమి పంట బీదలదనియు, వారు మిగిల్చినది అడవి మృగములదనియు వ్రాయబడెను. ద్వితీయోపదేశకాండము 22లో పిట్టగూడు దొరికినవాడు తల్లిని పిల్లలతోకూడ పట్టుకొనరాదని చెప్పబడెను. ఈ మూడింటిలోను ఒక్కటే నేర్పు కనబడుచున్నది: చేతికందిన దానినంతయు తీసికొనవద్దు, కొంత విడువుము.

బీదను, అడవి జీవిని ఒకే వాక్యములో చేర్చుట ఏలనో మాకు అవ్వ పెరటిలో తెలిసెను. అంచున ఈగకు కొంత విడిచినగాని బీదరాలికి కాయ లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. దేశవాళీ మొక్కలు మంచివనినంత మాత్రమున వెలుపలినుండి వచ్చినవన్నియు చెడ్డవని కాదు. అవ్వ గుమ్మడియు, మన మిరపయు పూర్వము అమెరికా ఖండమునుండి వచ్చినవే. పరదేశికిని అంచున పాలున్నది గదా! కాని చుట్టునున్నవాటిని అణచివేయు మొక్కలును కలవు. 1955లో పూనా ప్రాంతమున కనబడిన వయ్యారిభామ దేశమంతట వ్యాపించి, పొలముగట్లను ఆక్రమించినది. దానిని పూయకముందే పెరికివేయుడి. దురద పుట్టించును గనుక చేతులకు గుడ్డ చుట్టుకొనుడి. క్రోటను మొక్కలు ఆకు అందమునకు పెంచునవే. వాటివలన మన ఈగలకు అంతగా మేత దొరకదు. వాటిని వరండాలో నుంచుకొనవచ్చును. అంచు మాత్రము వాటికీయరాదు.

4. సంఘముగా చేయదగిన పనులు

మేము చేయుచున్న వాటినే ఇక్కడ వ్రాయుచున్నాము.

మొదటిది, యౌవనుల సమాజమువారు గుడి గోడ వెంబడి రెండు మూరల వెడల్పు నేలను విడిచిపెట్టిరి. తొలకరికి అక్కడ తంగేడు విత్తిరి. తుమ్మిని, తులసిని నాటిరి. ఆవరణము మూలలలో వేప, కానుగ, నేరేడు, రేగు, కుంకుడు మొక్కలు పెట్టిరి. వేప, కానుగ, నేరేడు ఎండకాలమున పూయును. తుమ్మి వానలలో, రేగు వానలు వెనుకపట్టినప్పుడు, కుంకుడు చలికాలమున పూయును. ఈలాగు ఏడాది పొడుగున ఏదో ఒక మేత యుండవలెను. వేపగింజ త్వరగా జీవము కోల్పోవును గనుక పండు రాలిన కొలది దినములలోనే విత్తవలెను.

రెండవది, అనేకమైన ఈగలు గుంపుగా నుండక ఒంటరిగా నేలలో గూడు పెట్టుకొనును. గనుక ఆవరణమంతయు సిమెంటు చేయక, ఎండ తగులు ఒక జానెడు మట్టిచోటైనను త్రొక్కకుండ విడువుడి. ఎండిన దుంగ నొకటి మూలన నుంచుడి. లోతులేని పళ్లెములో గులకరాళ్లు పరచి నీరు పోయుడి. రాళ్లు లేనిచో ఈగలు మునిగిపోవును.

మూడవది, రైతులు పూతమీద మందు కొట్టకుందురు గాక. తప్పనిసరియైనప్పుడు ఈగలు తిరుగని వేళ చూచుకొని, అవసరమైనంత మాత్రమే కొట్టవలెను. తేనె తీయువారు పట్టును మంటతో కాల్చి ఈగలను చంపక, పొగబెట్టి తేనె గల భాగమును మాత్రము కోసి, పిల్లలుగల భాగమును విడువవలెను. పిట్టగూటి ఆజ్ఞ ఇక్కడను వర్తించును.

నాలుగవది, ఆదివారపు బడి పిల్లలు. ఐక్యరాజ్య సమితి 2017లో తీర్మానించినందున, 2018 మొదలుకొని మే 20వ తేది తేనెటీగల దినముగా ఆచరింపబడుచున్నది. అది వేసవి సెలవుల బైబిలు బడుల కాలము. ఆ దినమున పిల్లలను తోటకు తీసికొనిపోయి, ఒక్క పువ్వు యొద్ద పావుగంట కూర్చుండబెట్టి, ఏయే పురుగులు వచ్చెనో లెక్క వ్రాయించుడి. కరివేపచెట్టు మీదను, జిల్లేడు ఆకు మీదను కనబడు గొంగళులు సీతాకోకచిలుకల పిల్లలని చూపుడి. చూచిన బిడ్డ రాయి విసరదు.

ఐదవది, ఈగలు మరల వచ్చువరకు మనమే ఆ పని చేయవచ్చును. తెల్లవారగనే అప్పుడే విచ్చిన మగపువ్వును కోసి, రేకులు తీసివేసి, దాని నడుమ భాగమును ఆడపువ్వు కీలాగ్రమునకు మెల్లగా రాయవలెను. స్త్రీల సమాజమువారు వంతులు వేసికొని అవ్వ పెరటిలో ఈ పని చేసిరి. రెండు కాయలు నిలిచెను. ఒక్క ఈగ వేకువనే కూలి లేకుండ చేయు పనికి మనలో ఎందరు నిద్ర మానుకొనవలసి వచ్చెనో వారికి తెలిసినది.

5. ముగింపు

మేము ఒక ఉదయమున పెరికినది మరల ఎదుగుటకు ఏండ్లు పట్టును. తంగేడు మోకాలెత్తైనను కాలేదు. ఆ చిన్న మొక్కలను చూచి మొన్న ఒక పెద్దమనిషి, "గుడి ముందర ఈ పిచ్చిమొక్కలేమిటి?" అని అడిగెను. మేము జవాబు చెప్పకముందే అవ్వ, "పిచ్చిమొక్కలు కావయ్యా, అవి నా గుమ్మడికాయలు" అనెను.

కూటములో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. మన గుడి ఆవరణములోను, మన పొలముగట్లమీదను ఏ మొక్కలు పుట్టినవి? వాటి పేర్లు పెద్దలను అడిగి వ్రాయుడి. ఏ నెలలో ఏది పూయునో గుర్తించుడి.

2. మనము శుభ్రము అనుకొని చేసినదానివలన పొరుగువానికి నష్టము కలిగిన సంగతి ఏదైనను కలదా?

3. రాబోవు తొలకరికి మన సంఘము ఏ అంచును, ఎంత వెడల్పున విడువగలదు? దానిని ఎవరు కనిపెట్టుకొని యుందురు?