అనుమానము, అపోహ: రెండు రైలు ప్రయాణములు

ఎక్కడనో బాంబు ప్రేలినదనియు, కొందరిని నిర్బంధించిరనియు వార్త వచ్చినంతనే రచ్చబండపై రెండు మాటలు వినవచ్చును. పట్టుబడినవాడే దోషి యనునది ఒకటి. ఇదంతయు కల్పితమనునది మరియొకటి. రెండును విచారణకు ముందే చెప్పు తీర్పులే. వీనివలన కలుగు హానిని తెలిసికొనుటకు ఇంగ్లండులో జరిగిన రెండు ఉదంతములను మనము పరిశీలింతము.

1974 నవంబరు 21వ తేది రాత్రి బర్మింగ్‌హాము నగరములోని రెండు మద్యశాలలలో బాంబులు ప్రేలి 21 మంది మరణించిరి. ఐరిషు రిపబ్లికను సైన్యమను రహస్య సంస్థపై ప్రజాగ్రహము పెల్లుబికెను. ఎనిమిది దినములలోనే ఉగ్రవాద నిరోధక చట్టము వచ్చెను. ఆ రాత్రియే ఐదుగురు ఐరిషువారు బెల్‌ఫాస్టుకు ఓడ నెక్కుటకై రైలులో పోవుచుండిరి. బాంబు అమర్చుచు మరణించిన ఒకని అంత్యక్రియలు వారి ప్రయాణమునకు కారణమగుటచే పోలీసులకు అనుమానము కలుగుటలో వింత లేదు. వారి చేతులను తుడిచి రసాయన పరీక్ష చేయగా, ఇద్దరి చేతులపై ప్రేలుడు పదార్థపు జాడ కలదని ఒక శాస్త్రజ్ఞుడు చెప్పెను. నూటికి 99 పాళ్లు నిశ్చయమనెను. ఆరవవానిని నగరములోనే పట్టుకొనిరి. నలుగురు నేరము నంగీకరించుచు సంతకములు చేసిరి. కొట్టి చేయించిరని వారు మొరపెట్టుకొన్నను, 1975 ఆగస్టులో ఆరుగురికిని యావజ్జీవ శిక్ష పడెను.

అయితే ఆ ఐదుగురును రైలులో పేకాట ఆడియుండిరి. పేకముక్కల మెరుగు పూతలో నైట్రోసెల్యులోజు ఉండును. అట్టి ముక్కలను కలిపిన చేతులును ఆ పరీక్షలో అదే రంగు చూపునని 1985లో ఒక టెలివిజను సంస్థ రసాయన శాస్త్రజ్ఞులచే పరీక్షింపజేసి నిరూపించెను. అంతకుముందు 1980లో ఖైదీలు పోలీసులపై వేసిన దావాను డెన్నింగు ప్రభువు త్రోసిపుచ్చెను. వీరు గెలిచినచో పోలీసులు కొట్టిరనియు, అబద్ధమాడిరనియు ఒప్పుకొనవలసి వచ్చును, అది యూహింపరాని ఘోరము గనుక దావాయే సాగరాదని ఆయన తర్కము! అంతటి న్యాయమూర్తియే ఇట్లు తలచినప్పుడు సామాన్యుల మాట చెప్పనేల? కడకు, విచారణ సమయమున వ్రాసినవని చెప్పిన పోలీసు కాగితములు కొన్ని అప్పుడు వ్రాసినవి కావని శాస్త్రపరీక్షలో తేలెను. 1991 మార్చి 14న ఆరుగురును విడుదలైరి. పదునారేండ్లు గడచిపోయెను. ఆ 21 మంది హత్యలకు నేటివరకు మరెవ్వరికిని శిక్ష పడలేదు.

ఇక రెండవ ప్రయాణము. 2005 జూలై 7న లండనులో నలుగురు ఆత్మాహుతి చేసికొని 52 మందిని చంపిరి. వారు లూటను స్టేషనులో 7.40 గంటల రైలెక్కిరని ప్రభుత్వ నివేదిక 2006లో పేర్కొనెను. ఆనాడు ఆ రైలు నడువనే లేదు! వారెక్కినది 7.25 గంటల బండి. హోంమంత్రి రెండు నెలలకు తప్పును సవరించెను గాని, లేని రైలెట్లెక్కిరి, కావున ప్రభుత్వమే చేయించినదను పుకారు అప్పటికే పుట్టెను. కెమెరా చిత్రములు చూపినను, 2010–11లో బహిరంగ న్యాయవిచారణ జరిగినను, దానిని వీడనివారు కలరు. గాయపడి బ్రతికినవారిని మీరు నటులని నిందించినవారును లేకపోలేదు. మా అభిప్రాయమున మొదటి తప్పు గుమాస్తాది, రెండవది క్రూరత్వము.

మొదటివారు ఒక్కొక్క సాక్ష్యమును పట్టి పరీక్షించిరి. ఋజువు వచ్చినచో ఒప్పుకొనుటకు సిద్ధపడిరి. రెండవవారికి ప్రతి ఋజువును కుట్రలో మరియొక భాగమే.

మన దేశమున పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారము సాక్ష్యముగా చెల్లదను నియమము 1872 నాటి సాక్ష్య చట్టమునుండియు ఉన్నది. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన కొత్త సాక్ష్య చట్టమందును అది నిలిచినది. 1987 నాటి టాడా, 2002 నాటి పోటా చట్టములు దానిని సడలించినవి. మొదటిది 1995లో గడువు ముగిసి పోయెను, రెండవది 2004లో రద్దయ్యెను. కొన్ని రాష్ట్రముల ప్రత్యేక చట్టములలో ఆ సడలింపు నేటికిని కలదు. నిర్బంధింపబడినవానికి కారణము తెలుపవలెననియు, ఇష్టమైన వకీలును సంప్రతింపనీయవలెననియు, ప్రయాణకాలము మినహా 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెననియు రాజ్యాంగము 22వ అధికరణము శాసించుచున్నది. ముందుజాగ్రత్త నిర్బంధములకు మాత్రము ఈ నియమములు వర్తింపవు. ఉగ్రవాద నేరములలో అభియోగపత్రమునకు కోర్టు 180 దినముల వరకు గడువు నీయవచ్చును. అప్పటికిని దాఖలు కానిచో బెయిలు కోరుటకు నిందితునకు హక్కు కలదు.