చేతికి అందే కష్టం: పియానో రచన ఎంపిక వెనుక శాస్త్రం

సెర్గీ రఖ్మానినోవ్ 1909లో తన మూడవ పియానో కాన్చెర్టోను రాసి, ఆనాటి మేటి విద్వాంసుడు జోసెఫ్ హాఫ్‌మన్‌కు అంకితం చేశారు. హాఫ్‌మన్ దాన్ని ఒక్కసారి కూడా వేదిక మీద వాయించలేదు. ఆయన చేతులు చిన్నవి. ఆయన కోసం స్టెయిన్‌వే కంపెనీ మెట్ల వెడల్పు కాస్త తగ్గించి పియానోలు తయారుచేసి ఇచ్చేది కూడా. రఖ్మానినోవ్ చెయ్యి మాత్రం షడ్జమం నుంచి పై స్థాయి పంచమం దాకా సులువుగా అందుకునేది.

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నేర్చుకునేవారు కాస్త పట్టు చిక్కగానే పెద్ద రచనల వైపు చూస్తారు. అందులో తప్పేమీ లేదు. అయితే ‘కష్టమైన రచన’ అనే మాటలో వేర్వేరు కష్టాలు కలిసి ఉంటాయి. వాటిలో కొన్ని సాధనకు లొంగుతాయి, కొన్ని లొంగవు.

అందుకునే దూరం లొంగనిది. పియానో మీద ఒక స్థాయి దూరం దాదాపు 16.5 సెంటీమీటర్లు. ఎముకల పొడవు సాధనతో పెరగదు.

వేళ్ల స్వతంత్రత సగమే లొంగుతుంది. మధ్యవేలిని మడిచి, మిగతా వేళ్లను బల్ల మీద ఆనించి, ఉంగరపు వేలిని మాత్రం పైకెత్తి చూడండి. చాలామందికి అది కదలనే కదలదు. చేతి వెనుక భాగంలో వేళ్లను ఎత్తే స్నాయువుల మధ్య అడ్డ పట్టీలుంటాయి, అందుకే ఇలా జరుగుతుంది. షోపెన్ 1833లో ప్రచురించిన పదవ సంపుటిలోని రెండవ ఎట్యూడ్ సరిగ్గా ఈ బలహీనమైన వేళ్లతోనే వేగంగా పరుగెత్తమంటుంది. వేళ్లను బలపరచుకోవాలని రాబర్ట్ షూమన్ ఒక యంత్రం కూడా వాడారు. ఇరవై రెండేళ్లు నిండేసరికే ఆయన కుడిచేతి వేలు పనికిరాకుండా పోయింది. దానికి యంత్రమే కారణమా అన్న చర్చ నేటికీ ఉంది. ఏమైతేనేం, పియానిస్టు కావాలన్న ఆయన కల అక్కడితో ముగిసింది. లిస్ట్ రాసిన ‘డాన్ హువాన్’ ఫాంటసీని, బలాకిరెవ్ రాసిన ‘ఇస్లామే’ను విపరీతంగా సాధన చేసి స్క్రియాబిన్ కుడిచేతిని దెబ్బతీసుకున్నారు. 1894లో ఆయన ఎడమచేతికి మాత్రమే రెండు రచనలు చేశారు.

దెబ్బ ఎప్పుడూ కండరానికే తగలదు. 1960ల మధ్యలో లియాన్ ఫ్లైషర్ కుడిచేతి రెండు వేళ్లు వాటంతట అవే లోపలికి ముడుచుకుపోసాగాయి. దీన్ని ఫోకల్ డిస్టోనియా అంటారు. ఈ రుగ్మత ఉన్న సంగీతకారుల మెదడులో ఒక్కో వేలికి కేటాయించిన ప్రాంతాలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయినట్టు పరిశీలనల్లో తేలింది.

గెంతులు మాత్రం సాధనకు లొంగుతాయి. గురి ఎంత సన్నగా, ఎంత దూరంగా ఉంటే చేయి అంత నెమ్మదిస్తుందని పాల్ ఫిట్స్ 1954లో సూత్రీకరించారు. లిస్ట్ ‘లా కంపనెల్లా’లో కుడిచేయి దూరపు నల్ల మెట్ల మీదికి దూకాలి. నల్ల మెట్టు వెడల్పు సుమారు సెంటీమీటరే!

కాబట్టి రచనను మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకుండా, అందులో అన్నిటికన్నా కఠినమైన నాలుగు క్షణాల ముక్కను ముందు నెమ్మదిగా వాయించి చూడాలి. నెమ్మదిగా వాయించినా చెయ్యి బిగుసుకుంటే ఆ రచనను మరో ఏడాదికి వాయిదా వేయడం మేలు. చేయి వదులుగా ఉండి, స్వరాలు మాత్రమే తప్పుతుంటే ధైర్యంగా తీసుకోవచ్చు. తప్పులను మెదడు దిద్దుకుంటుంది. వేళ్లతో ఒక వరుసను నేర్చుకున్నవారు నిద్ర తర్వాత దాదాపు 20 శాతం వేగంగా చేయగలిగారని 2002లో హార్వర్డ్ పరిశోధకులు చూపారు.

పెద్ద రచన ఒక్కదాన్నే రోజంతా పట్టుకు వేలాడటం కన్నా, పక్కన బాహ్ ఇన్వెన్షన్ ఒకటి, షోపెన్ ఇ మైనర్ ప్రెలూడ్ లాంటి నెమ్మదైనది ఒకటి పెట్టుకుని మార్చి మార్చి సాధన చేయడం మంచిది. ఇలా కలగలిపి చేసే సాధన ఆ పూట తడబాటుగా అనిపిస్తుంది గానీ నేర్చినది ఎక్కువ కాలం నిలుస్తుందని 1979లో షే, మోర్గన్ చేసిన ప్రయోగం చెబుతోంది. ఇక వేలిలోనో, ముంజేతిలోనో నొప్పి మొదలైతే ఆ పూటకు పియానో మూత వేసేయాలి.