బంగాళాఖాతములో నీటి పొరలు

సముద్రాన్ని కన్నులార చూడని విద్యార్థులు మన అనంతపురంలో ఎందరో ఉన్నారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే ఈ మెట్టసీమలో సముద్రశాస్త్రంతో మనకేమి పని అని వారు అడుగవచ్చు. పడమటి కనుమలు నైరుతి మేఘాలను చాలవరకు అడ్డగించగా, అక్టోబరు మాసంలో మన చెరువులు తూర్పున బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాలకై ఎదురుచూస్తాయి. కనుక ఆ సముద్రపు పైపొర స్వభావం మనం తెలుసుకొనదగినదే.

మొదట ఒక చిన్న ప్రయోగం. గాజుగ్లాసులో సగం వరకు ఉప్పునీరు పోసి, దానిపై రంగు కలిపిన మంచినీటిని చెంచా మీదుగా మెల్లగా జారవిడువండి. రెండు నీళ్లూ వేర్వేరు పొరలుగా నిలుస్తాయి. ఘనమీటరు మంచినీరు సుమారు 1000 కిలోగ్రాములు. సముద్రజలం సుమారు 1025 కిలోగ్రాములు. తేలికైనది పైన నిలుచుట సహజం.

ప్రకృతి బంగాళాఖాతంలో ఏటా ఇదే ప్రయోగం చేస్తున్నది. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి నదుల నీరు, వర్షపు నీరు సముద్రజలంతో కొంత కలిసి, ఉప్పు తక్కువైన పలుచని పొరగా పైన పరచుకొంటాయి. నైరుతి ఋతుపవనం వెనుదిరిగిన పిమ్మట తీరప్రవాహం ఈ నీటిని ఆంధ్రతీరం వెంబడి దక్షిణానికి కొనిపోతుంది.

గాలి వీచినపుడు పైపొర వేగంగా కదలుతుంది, క్రిందిపొర వెనుకబడుతుంది. ఈ వేగభేదం పొరల సరిహద్దున సుడులు లేపజూస్తుంది. సాంద్రతాభేదం వాటిని అణచజూస్తుంది. ఈ రెండింటి బలాబలాలను తెలిపే నిష్పత్తికి రిచర్డ్‌సన్ సంఖ్య అని పేరు. అది అంతటా నాలుగింట ఒకవంతుకు మించి ఉన్నచో ప్రవాహం స్థిరంగా ఉంటుందని 1961లో మైల్స్, హోవర్డ్ అను శాస్త్రజ్ఞులు నిరూపించారు. అంతకు తగ్గినచోట సుడులు లేచి పొరలు కలిసిపోవచ్చు.

పొర చెదరనంతవరకు లోతునున్న చల్లని నీరు పైకి రాజాలదు. ఎండవేడిమి పైనే నిలుస్తుంది. నైరుతి గాలులకు అరేబియా సముద్రం పడమటి భాగం చల్లబడినా, బంగాళాఖాతం 28 డిగ్రీలకు పైబడి వెచ్చగా ఉండుటకు ఇది ఒక ముఖ్యకారణం. వాయుగుండానికి వేడిమి ఒక్కటే చాలదు. గాలుల తీరు కూడ అనుకూలించాలి. అయినను ఆ వేడిమి లేనిదే వాయుగుండం బలపడదు.

హైదరాబాదులో 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రానికి ఆర్గో అను తేలే పరికరాల కొలతలు అందుతున్నాయి. అవి సాధారణంగా పదిదినాలకొకమారు 2000 మీటర్ల లోతునుండి పైకి వస్తూ వేడిమిని, ఉప్పదనాన్ని కొలుస్తాయి. కాని మీటరు పరిమాణపు సుడులు వాటికి అందవు. వాటిని సరిగా లెక్కించిన కొలది వర్షసూచన మెరుగుపడుతుంది. విత్తనం చేతబట్టి మబ్బుకై చూచే మన వేరుశనగ రైతుకు ఆ మెరుగు ఎంత విలువైనదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. మన భౌతికశాస్త్ర విద్యార్థులు కొందరైనా ఈ విద్యవైపు దృష్టి సారింతురు గాక!