యంత్రానికి తగిన నూనె

అనంతపురం పీఠభూమి వర్షచ్ఛాయా ప్రాంతం. ఎండిన చెరువులు, ఎర్రమట్టి దారులు, దుమ్ము అక్కడి ప్రజలకు నిత్యపరిచితాలు. వేరుశనగ చేతికందని ఏడు అద్దెకారే ఆధారమైన కుటుంబాలు అక్కడ ఉన్నాయి. ఆ నేలమీదనే, పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద, 2019లో కియా కార్ల ఉత్పత్తి ఆరంభమైంది. 2022లో ఆ ప్రాంతం శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది.

కొత్త కారుతోపాటు ఇచ్చే పుస్తకంలో ఏ ఇంజన్ ఆయిల్ వాడాలో రాసి ఉంటుంది. ఆ ఒక్క పంక్తి వెనుక ఎంతో పరీక్ష ఉంది.

ఇంజన్‌లోని లోహభాగాలు ఒరుసుకోకుండా వాటి నడుమ నూనెపొర నిలవాలి. నూనె మరీ పలుచనైతే పొర తెగుతుంది. మరీ చిక్కనైతే ఇంధనం వృథా అవుతుంది. కనుక తయారీదారులు ముందుగా స్నిగ్ధతను నిర్ణయిస్తారు. డబ్బాపై ‘5డబ్ల్యు-30’ అని ఉంటే, మొదటి అంకె చలిలో నూనె ప్రవహించే తీరును, రెండవది 100 డిగ్రీల సెల్సియస్ వద్ద దాని చిక్కదనాన్ని తెలుపుతాయి. ఈ వర్గీకరణ ఎస్.ఏ.ఇ. అనే అమెరికా ఇంజనీర్ల సంఘం చేసినది.

నాణ్యతకు వేరే ప్రమాణాలున్నాయి. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 2004లో ప్రవేశపెట్టిన ‘ఎస్.ఎమ్.’ శ్రేణికి నిర్దేశించిన ఒక పరీక్షలో, నూనెను 150 డిగ్రీల వేడిలో ఉంచి ఇంజన్‌ను 100 గంటలు నడిపేవారు. పిదప ఇంజన్ విప్పి అరుగుదలను, పిస్టన్లపై పేరుకున్న మడ్డిని కొలిచేవారు. ఇటువంటి పరీక్షలలో నెగ్గిన నూనెకే ఆ సంస్థ ముద్ర లభిస్తుంది. విపణిలో డబ్బాలు కొని తిరిగి పరీక్షించే పద్ధతి కూడా ఆ సంస్థకు ఉంది.

2020 ఏప్రిల్ 1న మనదేశంలో బి.ఎస్.-6 నియమాలు అమలులోకి వచ్చాయి. వాటితో అనేక డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే వడపోత చేరింది. నూనెలో కలిపే లోహ పదార్థాలు కాలి బూడిదై ఆ వడపోతను మూసివేస్తాయి. అందుచేత అటువంటి కార్లకు బూడిద తక్కువగా మిగిల్చే నూనెనే నిర్దేశిస్తారు. ఎంత ఖరీదైనదైనా ఇతర నూనె వాటికి తగదు.

ఇక పీఠభూమి దుమ్ము సంగతి. గాలి వడపోతను దాటిన సన్నని ధూళి నూనెలో చేరి లోహాన్ని అరగదీస్తుంది. అందువల్ల దుమ్ముదారుల్లో తిరిగే వాహనాలకు సాధారణ గడువుకంటె ముందే నూనె మార్చాలని ఆ పుస్తకాలే హెచ్చరిస్తాయి. ఆ పంక్తిని చదవని డ్రైవరుకు నూనెలో మిగిలిన వందలు మరమ్మతులో వేలై పోతాయి. బండి ఆగిన నాడు పొయ్యి కూడా ఆగుతుంది.

అర్థాలు
స్నిగ్ధత = ద్రవపు చిక్కదనం
విపణి = అంగడి

ప్రశ్నలు
1. ఖరీదైన నూనె ప్రతి వాహనానికీ ఎందుకు తగదు?
2. అనంతపురం ప్రాంతంలో నూనెను ముందుగా మార్చవలసిన కారణమేమి?