పాత డబ్బాకి కొత్త కార్డు

మా చిన్నాన్నకి చీపురుపల్లిలో ఫొటో స్టూడియో ఉంది. ఫొటోలు, ఆల్బమ్ డిజైన్, వీడియో ఎడిటింగ్ అన్నీ ఒక్క పాత డెస్క్‌టాప్ మీదే. ఏదో ఆఫీసు వాళ్ళు వాడి అమ్మేసిన మెషీన్ అది. ఐ5 4570 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్, గ్రాఫిక్స్ కార్డు లేదు. మాఘమాసం ముహూర్తాలప్పుడు ఒక పెళ్ళి వీడియో చెప్పిన రోజుకి ఇవ్వలేకపోయాడు. ఆ ఇంటివాళ్ళు రెండో అమ్మాయి పెళ్ళి ఆర్డర్ వేరే స్టూడియోకి ఇచ్చేశారు. అప్పుడు నాకు ఫోన్ వచ్చింది.

"ఒరే, నువ్వు కంప్యూటర్లే కదా సదువుతున్నావు. ఈ డబ్బాకి గ్రాఫిక్స్ కార్డు ఏదో ఎయ్యాలంట. నా దగ్గర పదివేలున్నాయి. ఏది కొనాలో సూసి సెప్పు."

నిజం చెప్పాలంటే నాకు తెలీదు. సీఎస్ఈ సెకండియర్‌కి వచ్చాను గానీ ఒక్కసారి కూడా క్యాబినెట్ తలుపు విప్పి లోపల చూసింది లేదు. మనకి బస్ అంటే బోర్డు మీద సార్ గీసిన గీత, అంతే. పదివేలు పోతే మళ్ళీ రావు, డబ్బా కాలిపోతే సీజనే పోతుంది. ఆ భయంతో నెల రోజులు చదివి, అడిగి, తిరిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మన హాస్టల్లో చాలామంది ఇళ్ళల్లో ఇలాంటి డబ్బాలే ఉన్నాయి కదా. (నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పెద్దది రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే నావే.)

అందరూ మొదట అడిగే ప్రశ్న "ఎన్ని జీబీ కార్డు?" అని. నేనూ అదే అడిగాను. కానీ జీబీ అంటే గోడౌన్ సైజు మాత్రమే. గోడౌన్ నుంచి సరుకు బయటికొచ్చే రోడ్డు ఎంత వెడల్పో కూడా చూడాలి. దాన్ని మెమరీ బ్యాండ్‌విడ్త్ అంటారు. జీటీ 1030 అనే కార్డు చూడండి. 2017లో వచ్చినప్పుడు జీడీడీఆర్5 మెమరీతో సెకనుకి 48 జీబీ పంపేది. 2018లో అదే పేరుతో డీడీఆర్4 వెర్షన్ వచ్చింది, అది సెకనుకి 17 జీబీ కూడా పంపదు. రెండింటికీ పేరు ఒకటే, రెండూ 2 జీబీలే. జీటీ 730 అయితే ఇంకా గందరగోళం. 2014లో ఒకే పేరు మీద మూడు రకాలు వచ్చాయి. "4 జీబీ" అని పెద్ద అక్షరాలు ఉన్న డీడీఆర్3 730 కంటే, 2 జీబీ జీడీడీఆర్5 1030 చాలా నయం. అందుకని డబ్బా మీద పెద్ద అక్షరాలు వదిలేసి, పక్కన చిన్న అక్షరాల్లో మెమరీ రకం ఏంటో చదవండి.

ఇది తెలిశాక కార్డుల లిస్టు వేసుకుని చిన్నాన్న దగ్గరికి వెళ్ళాను. క్యాబినెట్ విప్పితే సగం లిస్టు అక్కడే పోయింది. ఎందుకంటే కార్డుని సెలెక్ట్ చేసేది మనం కాదు, పాత మెషీన్.

మొదట ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ చూశాను. 290 వాట్లు. కార్డుకి విడిగా కరెంటు ఇచ్చే 6 పిన్ వైరు అందులో లేదు. అలాంటప్పుడు కార్డుకి దొరికేది మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చే 75 వాట్లే. ఎస్‌ఎంపీఎస్ మార్చేద్దాం అనుకోకండి, ఇలాంటి కంపెనీ మెషీన్లలో చాలావాటికి బోర్డు కనెక్టర్ మామూలు 24 పిన్‌ది కాదు, వాళ్ళ సొంతది. బజార్లో దొరికే ఎస్‌ఎంపీఎస్ పట్టదు. లెక్క వేశాను. ప్రాసెసర్ 84 వాట్లు, కార్డు 75, మిగతావన్నీ కలిపి ఓ 50 అనుకున్నా 210 దాటదు. 290లో సరిపోతుంది. చిన్నాన్న దగ్గరున్న 600 వీఏ యూపీఎస్ 360 వాట్లు ఇస్తుంది, అదీ సరిపోతుంది. కరెంటు పోవడం మా వైపు మామూలే కాబట్టి ఈ లెక్క తప్పనిసరి.

75 వాట్ల లోపల బతికే కార్డులు కొన్నే. జీటీఎక్స్ 1050 టీఐ (2016), జీటీఎక్స్ 1650 (2019), ఏఎండీ ఆర్‌ఎక్స్ 6400 (2022), ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీ రకం (2024). చివరిది 70 వాట్లే గానీ మా పదివేలకి అందదు. 1650లో కూడా కొన్ని మోడళ్ళకి 6 పిన్ ఉంటుంది, ఫొటోలో కార్డు పై అంచు చూస్తే తెలుస్తుంది. స్లిమ్ క్యాబినెట్ అయితే సగం ఎత్తు కార్డే పడుతుంది. మాది పెద్దదే కాబట్టి ఆ బాధ లేదు.

లిస్టులో కొత్తది, 53 వాట్లే తినేది, ఆర్‌ఎక్స్ 6400. దాని మీదే మనసు పడ్డాను. కానీ అది 4 లేన్లతోనే స్లాట్‌కి కలుస్తుంది. కొత్త బోర్డులో పీసీఐఈ 4.0 ఉంటుంది కాబట్టి నాలుగు లేన్లలోనే సెకనుకి దాదాపు 8 జీబీ వెళ్తుంది. చిన్నాన్న బోర్డు హెచ్81 చిప్‌సెట్‌ది, స్లాట్ పీసీఐఈ 2.0 మాత్రమే. అక్కడ లేన్‌కి 500 ఎంబీ, నాలుగు లేన్లకి 2 జీబీ. నాలుగో వంతు! 1050 టీఐ, 1650 అయితే పదహారు లేన్లూ వాడతాయి, ఇదే పాత స్లాట్‌లో 8 జీబీ దొరుకుతుంది. కంప్యూటర్ ఆర్గనైజేషన్ ఎగ్జామ్‌లో ఇలాంటి లెక్క ఐదు మార్కులకి చేశాను, ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

ఇంకో సంగతి. ఆర్‌ఎక్స్ 6400కి, జీటీ 1030కి వీడియో ఎన్‌కోడర్ లేదు. అంటే వీడియోని ఎమ్‌పీ4 ఫైలుగా కుదించే ప్రత్యేక సర్క్యూట్. గేములకి అక్కర్లేదు, వీడియో పని చేసేవాళ్ళకి, ఓబీఎస్‌లో రికార్డు చేసేవాళ్ళకి కావాలి.

మిగిలింది 1050 టీఐ, 1650. ఇక్కడ నా స్వార్థం కొంచెం ఉంది. సెలవుల్లో ఆ మెషీన్ మీద కూడా ప్రోగ్రాములు నడపాలని ఆశ. 2025లో వచ్చిన కూడా 13, 1050 టీఐ తరం చిప్‌లకి సపోర్ట్ తీసేసింది. డ్రైవర్లు కూడా 580 సిరీస్‌తో ఆఖరు. 1650 తర్వాతి తరం కాబట్టి ఇంకా నడుస్తుంది. చదువు కోసమే కార్డు కొనాలనుకుంటే మాత్రం ఆగండి. కొలాబ్‌లో ఫ్రీగా దొరికే టీ4కి 16 జీబీ మెమరీ ఉంది, మన 4 జీబీ కార్డు దాని ముందు ఏపాటిది?

కొత్తది కొనలేక విశాఖ ద్వారకానగర్ వెళ్ళి సెకండ్ హ్యాండ్‌లో అడిగాను. ఒక షాపులో 1050 టీఐ చాలా తక్కువకి చూపించారు. వెనక వీజీఏ పోర్టు కూడా ఉంది. చిన్నాన్న మానిటర్‌కి ఉన్నది వీజీఏ ఒక్కటే, "అబ్బ, కలిసొచ్చింది" అనుకున్నాను. జేబులోంచి డబ్బులు తీయబోతుంటే గుర్తొచ్చింది, 1050 టీఐ చిప్ అసలు అనలాగ్ సిగ్నలే ఇవ్వదు! మరి వీజీఏ ఎక్కడిది? జీటీఎస్ 450 లాంటి 2010 నాటి కార్డుల బయాస్ మార్చి, 1050 టీఐ పేరు పెట్టి అమ్మడం చాలా ఏళ్ళుగా ఉన్న మోసం. సిస్టంలో పెట్టి జీపీయూ-జెడ్ ఓపెన్ చేస్తానన్నాను. అది ఫ్రీ ప్రోగ్రామ్, ఇలాంటి కార్డు పేరు ముందు "ఫేక్" అని చూపిస్తుంది. "టెస్టింగ్ లేదు, కావాలంటే తీసుకో" అన్నారు. దండం పెట్టి వచ్చేశాను.

చివరికి ఒకాయన ఇంట్లో తన మెషీన్‌లోనే అరగంట గేమ్ నడిపి చూపించి 1650 ఇచ్చారు, ఆరున్నర వేలకి. 6 పిన్ లేనిది. దానికీ వీజీఏ లేదు కాబట్టి హెచ్‌డీఎమ్‌ఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ కొన్నాను. ఒట్టి వైరు పనిచేయదు, లోపల చిప్ ఉన్నదే కావాలి.

ఇక్కడితో అయిపోయింది అనుకున్నాను. కార్డు పెట్టి, డ్రైవర్ వేసి, గర్వంగా ఎక్స్‌పోర్ట్ నొక్కాం. ముందుకంటే ఇంకా స్లో! చిన్నాన్న ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ.

ఆ రాత్రి తెలిసింది. చిన్నాన్న వాడే ఎడియస్ పాత వెర్షన్, ఎక్స్‌పోర్ట్‌కి ప్రాసెసర్ లోపలున్న ఇంటెల్ క్విక్ సింక్‌ని వాడుకుంటోంది. అంటే ఆ డబ్బాలో ఎన్‌కోడర్ ముందు నుంచీ ఉంది. స్లాట్‌లో కార్డు పెట్టగానే బోర్డు లోపలి గ్రాఫిక్స్‌ని ఆపేసింది, దానితోపాటు క్విక్ సింక్ కూడా పోయింది. బయాస్‌లోకి వెళ్ళి రెండు గ్రాఫిక్స్ కలిసి పనిచేసే మల్టీ డిస్‌ప్లే ఆప్షన్ ఆన్ చేస్తే మళ్ళీ వచ్చింది.

అప్పుడైనా బుద్ధొచ్చి టాస్క్ మేనేజర్ తెరిచి ఎక్స్‌పోర్ట్ నడుస్తుంటే చూస్తూ కూర్చున్నాను. హార్డ్ డిస్క్ నూటికి నూరు, ర్యామ్ నిండిపోయింది, కార్డు ఖాళీ. ఈ పది నిమిషాల పని నెల క్రితం చేసి ఉంటే ముందు కొనేది కార్డు కాదు. మిగిలిన డబ్బుతో 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి, పాత డీడీఆర్3 ర్యామ్ 8 జీబీ స్టిక్ ఒకటి తెచ్చి పెట్టాను. అసలు తేడా అక్కడ కనబడింది. రాత్రి పెట్టి పొద్దున చూసుకునే ఎక్స్‌పోర్ట్ ఇప్పుడు భోజనం చేసి వచ్చేసరికి అవుతోంది.

మరి కార్డు దండగేనా? అలా కూడా కాదు. వీడియో రంగుల కోసం డావిన్సీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్ వేసిచ్చాను. అది గ్రాఫిక్స్ కార్డు మీదే బతుకుతుంది, ఇదివరకు ఆ మెషీన్‌లో కదిలేదే కాదు. పసుపు లైట్ల కింద తీసిన పెళ్ళి కూతురి ముఖం మామూలు రంగులోకి వస్తుంటే చిన్నాన్న కుర్చీ ముందుకి లాక్కుని కూర్చున్నాడు. "ఇదేటిరా, ముందే ఏసుంటే బాగున్ను కదా" అన్నాడు. శ్రావణానికి మూడు ఆర్డర్లు ఒప్పుకున్నాడు.

మీ ఇంట్లో డబ్బాకి కార్డు చూస్తుంటే మూడు ఫొటోలు తీసి పెట్టుకోండి: ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్, మదర్‌బోర్డు మీద నంబరు, మానిటర్ వెనక పోర్టు. నాలుగోది, మెషీన్ మొరాయిస్తున్నప్పుడు టాస్క్ మేనేజర్ స్క్రీన్‌షాట్. తీసుకుని రండి, ల్యాబ్ అయ్యాక క్యాంటీన్‌లో కూర్చుని చూద్దాం.