ఋణమా, అపరాధమా?

(చదువవలసిన భాగములు: మత్తయి 6:12, 18:23–35, ఫిలేమోను 18, 19)

జర్మను భాషలో ‘షుల్ట్’ అను చిన్న మాట గలదు. దీనిని ఇంగ్లీషులో చెప్పుటకు ఒక్క మాట చాలదు. షావుకారునకు ఈయవలసిన బాకీ అయితే ‘డెట్’ అనవలెను. కోర్టులో రుజువైన దోషమైతే ‘గిల్ట్’. కుండ పగిలినప్పుడు తప్పు ఎవరిదని అడిగినచో ‘ఫాల్ట్’. దానిని ఒకనిమీద మోపినచో ‘బ్లేమ్’. జర్మనులకు ఇవన్నియు షుల్టే. త్రోవలో ఒకని భుజము తగిలినను ‘ఎంట్‌షుల్డిగుంగ్’ అందురు. షుల్ట్ తీసివేయుట అని దాని లోపలి భావము. భుజము తగిలినందుకు ఎంత పెద్ద మాట!

మార్టిన్ లూథరు 1522లో క్రొత్త నిబంధనను జర్మను భాషలో వెలువరించినప్పుడు, ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఈ మాటనే ఉంచెను. మత్తయి గ్రీకులో వ్రాసినది బాకీని తెలుపు మాట. లూకా 11:4లో మొదట పాపములని యున్నను, వెంటనే మనకు బాకీపడినవారి ప్రస్తావన వచ్చును. మన తెలుగు బైబిలులో అచ్చట ‘అచ్చియున్న’ అని చదువుదుము. అచ్చియుండుట అనగా బాకీపడియుండుటయే. సండేస్కూలు పిల్లలకు ఈ మాట విప్పి చెప్పుట మంచిది. ప్రభువు మాటలాడిన అరామిక్ భాషలో కూడ బాకీకిని పాపమునకును ఒకే మాట కలదు. ఇంగ్లీషువారిలో స్కాట్లండు ప్రెస్బిటేరియనులు ఈ ప్రార్థనలో ‘డెట్స్’ అందురు, ఆంగ్లికనులు ‘ట్రెస్‌పాసెస్’ అందురు. ఈ రెండవది పరుని గట్టు దాటి చేనిలో అడుగుపెట్టుట వంటిది. మంచి మాటయే గాని, అందులో లెక్క కనబడదు.

లెక్క ఎందుకందురా? నూరు రూపాయల నోటు రాయించుకొన్నవాడు దానిని చింపివేసినయెడల, ఆ నూరు ఎవరివి పోయినవి? అప్పిచ్చినవానివే. క్షమాపణకు ఎవరో ఒకరు వెల చెల్లింతురు.

రాజు క్షమించిన బాకీ 10,000 తలాంతులు. తలాంతు సుమారు 6,000 దేనారములు. దేనారము ఒక దినపు కూలి. అనగా ఆరు కోట్ల దినముల కూలి! తోడిదాసుడు అచ్చియున్నది నూరు దినముల కూలి. అది స్వల్పమని ప్రభువు చెప్పలేదు, గమనించుడి. నాట్లకు, కోతలకు పోవు కుటుంబమునకు అది గొప్ప సొమ్మే. మనకు జరిగిన అన్యాయము చిన్నదని ఒప్పుకొంటేనే గాని క్షమించలేమని తలంచనక్కరలేదు.

మరియొక సంగతి. విధవరాలి పొలములో రెండు సాళ్లు కలుపుకొన్నవాడు ప్రభురాత్రి భోజనమునకు ముందు “క్షమించు తల్లీ” అని వచ్చినచో, గట్టు వెనుకకు జరుపవద్దా? షుల్ట్ అను మాటలో అపరాధమును బాకీయు కలిసియున్నవి. ఒకటి ఒప్పుకొని రెండవది ఎగవేయుటకు అందులో సందు లేదు.

మరి తీర్చలేనివాని గతి ఏమి? ఒనేసిము విషయమై పౌలు వ్రాసినది చూడుడి. అతడు చేసిన అన్యాయమును, అతడు అచ్చియున్న సొమ్మును పక్కపక్కనే పేర్కొని, రెంటిని తన లెక్కలో వేయుమని ఫిలేమోనును కోరెను. నోటి మాటతో విడువక, తానే తీర్చెదనని స్వహస్తముతో వ్రాసి యిచ్చెను. చెరసాలలోనున్న ముసలివాడు మరియొకని బాకీకి ప్రామిసరీ నోటు వ్రాసినట్లాయెను.